‘చూద్దాం’ అన్న మాటను మినిట్స్‌లో ఏమని రాయాలి?

మీరు అడిగింది ఇది. ఉద్యోగంలో చేరి ఆరు నెలలైంది. వారం వారం జరిగే టీమ్ మీటింగ్‌కు మినిట్స్, అంటే మీటింగ్‌లో జరిగినదాని నమోదు, రాసే పని మీకు అప్పగించారు. ఒక్క మాట కూడా పోకూడదని ఎవరేమన్నా రాసేస్తున్నారు. ఐదారు పేజీలు వస్తున్నాయి, ఎవరూ చదవడం లేదు. పైగా పోయిన వారం ఒక సీనియర్ అందరి ముందూ ‘నేను అలా అనలేదు’ అన్నారు. అప్పటి నుంచి మీటింగ్ రోజు వస్తోందంటేనే టెన్షన్‌గా ఉందని, తప్పు ఎక్కడ జరుగుతోందో చెప్పమని రాశారు.

నేను పంతొమ్మిదేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. మొదట ఆఫీస్ అసిస్టెంట్‌గా మినిట్స్ రాశాను, తర్వాత కొన్ని కమిటీలకు కార్యదర్శిగా ఉన్నాను, ఇప్పుడు కొత్తగా చేరినవాళ్లకు నేర్పుతున్నాను. మీరు చేస్తున్న పొరపాటే నేనూ చాలాకాలం చేశాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ముందు ఒక లెక్క. మామూలు సంభాషణలో మనిషి నిమిషానికి 120 నుంచి 150 ఇంగ్లీషు మాటలు మాట్లాడతాడంటారు. చేత్తో రాసే వేగం అందులో నాలుగో వంతుకు మించదు. ఈ తేడాను పూడ్చడానికే, గుర్తులతో వేగంగా రాసే షార్ట్‌హ్యాండ్ పుట్టింది. ఇంగ్లండ్‌కు చెందిన ఐజాక్ పిట్‌మన్ పద్ధతి 1837లో వచ్చాక దాన్ని నేర్చుకోవడం ఒక ప్రత్యేక వృత్తి అయింది. అంటే అన్ని మాటలూ రాయడమనేది ఏళ్ల తరబడి సాధన చేసినవాళ్ల పని. మీరు మామూలు నోట్‌బుక్‌తో ఆ పని చేయబోతే మొదటి వాక్యం రాస్తుండగానే మూడో వాక్యం వినడం తప్పిపోతుంది. తప్పిపోయిన ఆ మూడో వాక్యమే చాలాసార్లు అసలు నిర్ణయం.

మినిట్స్ పని అది కానే కాదు కూడా. సభల నిర్వహణకు నియమాలు రాసిన అమెరికా సైనికాధికారి హెన్రీ రాబర్ట్ 1876లోనే ఈ సంగతి తేల్చి చెప్పాడు. కార్యదర్శి ముఖ్యంగా నమోదు చేయాల్సింది సభ ఏం చేసిందో గానీ, సభ్యులు ఏం మాట్లాడారో కాదన్నాడు. ఇప్పటికీ మంచి మినిట్స్‌కు ఇంతకంటే సూటి నిర్వచనం నాకు కనపడలేదు. ఆ మాటకొస్తే ‘మినిట్స్’ అన్న పేరుకు గడియారంలోని నిమిషాలతో నేరుగా సంబంధం లేదు. లాటిన్‌లో ‘చిన్న రాత’ అనే అర్థమున్న మాట నుంచి వచ్చింది. చిన్నగా రాసుకున్న ముసాయిదా అన్నమాట. ఐదారు పేజీలు రాయాలని ఆ పేరులోనే లేదు.

మీరు రాసేది ఎవరు చదువుతారో ఆలోచించండి. మీటింగ్‌లో కూర్చున్నవాళ్లు సాధారణంగా చదవరు, వాళ్లకు తెలుసు కాబట్టి. చదివేది ఇద్దరు. ఆ రోజు రాలేకపోయిన మనిషి ఒకరు. ఆరు నెలల తర్వాత ‘అప్పుడు ఏమనుకున్నాం?’ అని వెతుక్కునే మీలో ఎవరో ఒకరు రెండోవారు. ఈ ఇద్దరికీ గొంతు వినపడదు, ముఖాలు కనపడవు. కాగితం మీద ఉన్నదే దిక్కు. నేను ఒక్కో వాక్యం రాసేటప్పుడు, గదిలో లేని ఆ మనిషి దీన్ని చదివి రేపు ఏం చేస్తాడు అని నన్ను నేను అడుగుతాను. ఏమీ చేయడనిపిస్తే ఆ వాక్యం కొట్టేస్తాను. తప్పు పని చేస్తాడనిపిస్తే తిరగరాస్తాను.

తప్పు పని ఎలా జరుగుతుందో నాకు మూడో ఏడు తెలిసింది. అప్పట్లో నేను పనిచేసిన ఆఫీసులో సరుకు నిల్వల లెక్కకు కొత్త సాఫ్ట్‌వేర్ కొనాలా వద్దా అని చర్చ జరిగింది. ఇద్దరు గట్టిగా కొందామన్నారు. చివర్లో విభాగం హెడ్ ‘సరే, చూద్దాం’ అని తర్వాతి అంశానికి వెళ్లారు. మీటింగ్ తెలుగులో జరిగింది, మినిట్స్ ఇంగ్లీషులో రాయాలి. నేను ‘అంగీకరించారు’ అనే అర్థం వచ్చేలా రాశాను. ఆ రోజు సెలవులో ఉన్న కొనుగోళ్ల ఉద్యోగి మినిట్స్ చదివి, నిర్ణయం అయిపోయింది కదా అని ఆర్డర్ పంపేశారు. రెండు వారాలకు బిల్లు వచ్చింది. హెడ్ నిజాయితీగానే ‘నేను ఒప్పుకోలేదే’ అన్నారు. ఆ ఉద్యోగి లిఖితపూర్వకంగా సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వచ్చింది. ఆయన చేసిన తప్పల్లా నేను రాసింది నమ్మడమే. ఆ సంగతి నేను ఈనాటికీ మరచిపోలేదు.

అందుకే అసలు విషయం ఇక్కడుందని చెబుతాను. మినిట్స్ రాసేవాళ్లకు చేతిరాత కన్నా చెవి ముఖ్యం, చెవి కన్నా నోరు ముఖ్యం. మాటలు సాగుతూ సాగుతూ ఎక్కడో ఒకచోట నిర్ణయంగా మారతాయి. ఆ క్షణాన్ని చెవి పట్టుకోవాలి. మారిందో లేదో తెలియకపోతే నోరు తెరిచి అడగాలి. గదిలో అందరూ ఉండగా అర నిమిషంలో తేలిపోయే సంగతిని, అందరూ లేచి వెళ్లిపోయాక మూడు రోజులు తిరిగినా తేల్చలేం.

మన మాటతీరులో ఆ క్షణం బాగా దాక్కుంటుంది. ‘చూద్దాం’ తీసుకోండి. ఒకరి నోట ‘ఒప్పుకున్నాను, చేద్దాం’ అని అర్థం. ఇంకొకరి నోట ‘ఇప్పుడు కాదు’ అని. మరొకరు ముఖం మీద ‘వద్దు’ అనలేక ఆ మాట అంటారు. ‘సరే’ కూడా అంతే. ‘విన్నాను’ అనే సరే ఉంది, ‘ఒప్పుకున్నాను’ అనే సరే ఉంది, ‘ఇక ఈ చర్చ ఆపండి’ అనే సరే కూడా ఉంది. ‘అలాగేనండీ’ అన్నవారు నిజంగా బాధ్యత తీసుకున్నారా, పెద్దల మాటకు మర్యాదగా తలూపారా? ఎదుట ఉన్నవాళ్లకు గొంతును బట్టి తెలుస్తుంది, కాగితానికి తెలియదు. ఇంగ్లీషులోకి మార్చి రాసేవాళ్లకు ప్రమాదం ఇంకా ఎక్కువ. అనుమానంగా ఉన్న తెలుగు మాటకు ఖాయంగా ఉన్న ఇంగ్లీషు మాట పెట్టేస్తాం, నాకు జరిగింది అదే. మీటింగ్‌లో మాత్రం నోట్స్ తెలుగులోనే, వాళ్లన్న మాటతోనే రాసుకోండి. మార్చడం తర్వాత తీరిగ్గా చేయవచ్చు.

ఇక ‘మనం’. ‘మనం ఆ రిపోర్ట్ పంపించేద్దాం’ అంటారు. అందరూ తలూపుతారు. వారం తర్వాత చూస్తే ఎవరూ పంపలేదు, ఎవరికి వారే యమునా తీరే. మన భాషలో ‘మనం’, ‘మేము’ అని రెండు ఉండటం మినిట్స్ రాసేవాళ్లకు నిజానికి వరం. ‘మేము పంపిస్తాం’ అంటే కనీసం ఏ టీమ్ అన్నది తెలుస్తుంది. ‘మనం’ అన్న మాట చెవిన పడగానే మీ కలం ఆగాలి, పేరు అడగాలి. పైగా తెలుగులో కర్త లేకుండానే వాక్యం నిండుగా వినపడుతుంది. ‘కస్టమర్‌కు శుక్రవారం లోపు జవాబు ఇవ్వాలి’. వాక్యంలో వ్యాకరణ దోషం లేదు, పని ఉంది, గడువు ఉంది, చేసే మనిషి మాత్రం లేడు. నేను నేర్పేవాళ్ల మినిట్స్ దిద్దేటప్పుడు మొదట ‘-ాలి’తో ముగిసిన వాక్యాలన్నింటి కిందా గీత గీస్తాను. ఎవరు అన్న ప్రశ్నకు జవాబు లేనివి తిప్పి పంపుతాను. ‘ఫలానా టీమ్’ అన్నా సరిపోదు, ఒక్కరి పేరు కావాలి. పని పదిమంది చేయవచ్చు, జవాబు చెప్పేది ఒక్కరే కావాలి.

‘అంతమంది సీనియర్ల మధ్య నేను ఎలా అడిగేది?’ అంటారేమో. నాకూ అదే భయం ఉండేది. తప్పు పడుతున్నట్టు కాకుండా, రాసుకోవడానికి సాయం అడుగుతున్నట్టు అడగండి. ‘సర్, ఒక్క నిమిషం, దీన్ని నిర్ణయంగా రాసుకోమంటారా, వచ్చే వారం చర్చకు పెట్టమంటారా?’ ఈ ఒక్క ప్రశ్న నన్ను ఎన్నోసార్లు కాపాడింది. ఇందులో రెండు దారులు ఇస్తున్నాం కాబట్టి ‘వద్దు’ అనదలచినవారికి కూడా మర్యాద చెడకుండా రెండో దారి దొరుకుతుంది. ఇంకొకటి, ‘నేను ఇలా రాశాను, వినండి’ అని చదివి వినిపించడం. ‘కొత్త ఫారం 15వ తేదీ నుంచి అమలు, శిక్షణ బాధ్యత రాజ్యలక్ష్మి గారిది’ అని చదివారనుకోండి, తప్పుంటే అక్కడికక్కడే ఎవరో ఒకరు ‘కాదు కాదు’ అంటారు. ఆ ‘కాదు కాదు’ కోసమే చదవాలి. మొదటి రెండు మీటింగ్‌లలో ఇబ్బందిగా ఉంటుంది. మూడోసారికి చైర్‌లో ఉన్నవారే మీ వైపు తిరిగి ‘రాసుకున్నారా, ఏమని రాశారు?’ అని అడగడం మొదలుపెడతారు. మీటింగ్‌కు ముందే మేనేజర్‌తో ‘నిర్ణయాల దగ్గర నేను ఒకసారి ఆపి అడుగుతాను, పర్వాలేదా?’ అని ఒక మాట అనుకుంటే ఇంకా సులువు.

నిర్ణయంతోపాటు దాని షరతు కూడా రాయాలి. దీన్ని చాలామంది వదిలేస్తారు. ‘బడ్జెట్ మిగిలితే ఇంకొకరిని తీసుకుందాం’ అన్నదాన్ని ‘ఇంకొకరిని తీసుకోవాలని నిర్ణయం’ అని రాస్తే సగం నిజమే రాసినట్టు. ‘అయితే’, ‘ఉంటే’, ‘వస్తే’, ‘తర్వాతే’ ఇవి వినపడినప్పుడు పూర్తి వాక్యం రాసుకోండి, ఇక్కడ మాత్రం పొదుపు వద్దు.

కారణం ఒక్క వాక్యంలో రాయండి. చర్చ అంతా రాయవద్దన్నాను కదా, కానీ చర్చలోంచి తీసి పెట్టుకోవాల్సింది ఒకటుంది. ఎందుకు ఈ దారి, ఎందుకు ఆ దారి కాదు అన్నది. నిర్ణయం ఒక్కటే రాస్తే, ఆరు నెలలకు కొత్త మేనేజర్ వచ్చి ‘రెండో ప్రతిపాదన చవక కదా, ఎందుకు కాదన్నారు?’ అంటారు. ఎవరికీ గుర్తుండదు. మళ్లీ అదే చర్చ, అదే రెండు గంటలు. ‘రెండో ప్రతిపాదన ధర తక్కువైనా, రాత్రివేళ సర్వీస్ ఇవ్వనందున పక్కన పెట్టాం’ అని అప్పుడే రాసి ఉంటే సరిపోయేది. పరిస్థితి మారి రాత్రివేళ సర్వీస్ అవసరం తీరిపోతే, ఆ నిర్ణయాన్ని మళ్లీ తెరవవచ్చని కూడా ఆ ఒక్క వాక్యమే చెబుతుంది. నా దృష్టిలో మినిట్స్‌లో అన్నిటికన్నా విలువైన వాక్యం ఇదే. కష్టమైనదీ ఇదే, ఎందుకంటే ముప్పై నిమిషాల మాటల్లోంచి అసలు కారణం ఏరాలంటే విషయం మీకు అర్థమై ఉండాలి. అర్థం కాకపోతే మీటింగ్ అయ్యాక పక్కవారిని అడగండి. అర్థం కానిదాన్ని అందంగా రాసే ప్రయత్నం మాత్రం చేయకండి.

తేడా కళ్లకు కట్టాలంటే ఒక ఉదాహరణ. మీరు ఇప్పుడు రాస్తున్న తీరు బహుశా ఇలా ఉంటుంది:

‘అకౌంట్స్ మేనేజర్ బిల్లులు ఆలస్యంగా వస్తున్నాయని చెప్పారు. స్టోర్స్ ఇన్‌ఛార్జ్ తమ దగ్గర ఆలస్యం లేదని, సంతకాల దగ్గరే ఆగుతున్నాయని అన్నారు. దానికి అకౌంట్స్ మేనేజర్ పోయిన నెల పన్నెండు బిల్లులు అలాగే వచ్చాయని గుర్తు చేశారు. కాసేపు చర్చ జరిగింది. త్వరగా పంపేలా చూడాలని అందరూ అభిప్రాయపడ్డారు.’

ఇది చదివినవారికి ఇద్దరు వాదించుకున్నారని తెలుస్తుంది. రేపు ఏం చేయాలో తెలియదు. అదే మీటింగ్‌లో మీరు ఒక్కసారి ఆపి అడిగి ఉంటే ఇలా రాయగలిగేవారు:

‘బిల్లుల ఆలస్యం. నిర్ణయం: సరుకు అందిన మూడు పనిదినాల్లో బిల్లు అకౌంట్స్‌కు చేరాలి. కారణం: పోయిన నెల 12 బిల్లులు సంతకాల కోసం ఆగి ఆలస్యమయ్యాయి. పని: సంతకం చేసేవారు సెలవులో ఉంటే ఎవరు చేయాలో జాబితా తయారు చేయడం. బాధ్యత: స్టోర్స్ ఇన్‌ఛార్జ్. గడువు: జూన్ 14, శుక్రవారం. తేలనిది: పాత 12 బిల్లుల సంగతి వచ్చే మీటింగ్‌లో.’

నిడివి దాదాపు అంతే. కానీ రెండోదాన్ని పట్టుకుని పని చేయవచ్చు. అసలు కాగితంలో హోదా పక్కన మనిషి పేరు కూడా రాస్తారు. ఆ చివరి ‘తేలనిది’ అన్న మాటను వదిలేయకండి. తేలనిదాన్ని తేలనిదిగా రాయడం కూడా నిజాయితీయే. ప్రతి అంశానికీ ఏదో ఒక నిర్ణయం కనపడాలని లేనిది రాస్తే, నాకు సాఫ్ట్‌వేర్ విషయంలో జరిగిందే జరుగుతుంది.

తేదీలు, అంకెలు గురించి. ఏట్లో పారేసినా ఎంచి పారేయాలన్నారు పెద్దలు. ‘వచ్చే వారం’, ‘నెలాఖరుకు’, ‘ఎల్లుండి’ ఇవి మాట్లాడుకునే రోజుకు సరిపోతాయి, మినిట్స్ చదివే రోజుకు మారిపోతాయి. తేదీ, వారం పేరు రెండూ రాయండి. ఒకటి తప్పైతే రెండోది పట్టిస్తుంది. వేరే దేశాల వారితో పని ఉంటే 03/04 అని అసలే రాయకండి. కొందరికి అది ఏప్రిల్ 3, కొందరికి మార్చి 4. నెల పేరు అక్షరాల్లో రాస్తే ఆ గొడవే ఉండదు. ఎవరైనా అంకె చెబితే అది దేని లెక్క అన్నది కూడా రాసుకోండి. ‘ఎనిమిది శాతం’ అన్నారు, దేనిలో? పోయిన ఏడాదితో పోలిస్తేనా, అనుకున్న లక్ష్యంతో పోలిస్తేనా?

ఇప్పుడు మిమ్మల్ని బాధపెట్టిన మాటకు వస్తాను. ‘నేను అలా అనలేదు.’ నిజం చెప్పాలంటే ఆయన అని ఉండవచ్చు, అనకపోయి ఉండవచ్చు, అన్నది ఒకటైతే ఉద్దేశం ఇంకొకటై ఉండవచ్చు. ఏది నిజమో తేల్చడం మీ పని కాదు. ఆ మాటను ఆయన పేరుతో రాయాల్సిన అవసరం ఏమిటన్నదే ప్రశ్న. నేను పాటించే పద్ధతి ఇది. పని ఒప్పుకున్నవారి పేరు తప్పక రాస్తాను. నిర్ణయం తీసుకునే అధికారం ఉన్నవారి పేరు రాస్తాను. అభిప్రాయాలకు పేర్లు పెట్టను. ‘ఖర్చు పెరుగుతుందన్న ఆందోళన వ్యక్తమైంది’ అంటే చాలు. పైఅధికారిని ప్రశ్నించిన మాట తన పేరుతో కాగితమెక్కుతుందని తెలిస్తే, వచ్చే మీటింగ్‌లో ఆ మనిషి నోరు మెదపడు. అప్పుడు నష్టపోయేది అందరూ. బయటి చర్చల్లో ఈ భయం లేకుండా చేయడానికే లండన్‌లోని అంతర్జాతీయ వ్యవహారాల సంస్థ చాతమ్ హౌస్ 1927లో ఒక నియమం పెట్టుకుంది. అక్కడ విన్న సమాచారాన్ని వాడుకోవచ్చు, ఎవరన్నారో మాత్రం బయటపెట్టకూడదు. ఆఫీసు మీటింగ్ అంత గుట్టుగా ఉండనక్కర్లేదు, కానీ ఆలోచన మాత్రం అరువు తెచ్చుకోదగ్గదే.

ఒక మినహాయింపు ఉంది. ఎవరైనా ‘నేను దీనికి ఒప్పుకోవడం లేదు, ఆ మాట మినిట్స్‌లో రాయండి’ అంటే పేరుతో సహా, వాళ్ల మాటల్లోనే రాయాలి. అది వాళ్ల హక్కు. అక్కడ మీ కలం మెత్తబడకూడదు, మేనేజర్ ముఖం మాడినా సరే.

క్రియల విషయంలో కూడా జాగ్రత్త. ‘వాదించారు’, ‘మండిపడ్డారు’, ‘ఒప్పుకోక తప్పలేదు’, ‘ఎట్టకేలకు అంగీకరించారు’ ఇవన్నీ మీ తీర్పులు, వాళ్ల చేతలు కావు. అన్నారు, అడిగారు, ప్రతిపాదించారు, అంగీకరించారు, వాయిదా వేశారు. ఈ ఐదారు క్రియలతో ఎన్ని మీటింగ్‌లైనా రాయవచ్చు. పొగడ్తలు కూడా వద్దు. ‘అద్భుతంగా వివరించారు’ అని ఒకరి గురించి రాస్తే, రెండో వ్యక్తి గురించి రాయకపోవడం కూడా ఒక మాటే అవుతుంది.

మీటింగ్‌కు ముందు చేసేది కొంచెమే, కానీ చేయండి. అజెండా అంశాలను శీర్షికలుగా పెట్టి, ఒక్కోదాని కింద నిర్ణయం, కారణం, పని, తేలనిది అని ఖాళీలు వదిలి పెట్టుకోండి. రావాల్సినవారి పేర్లు ముందే రాసుకుంటే వచ్చినవారికి టిక్కు పెడితే సరి. మధ్యలో లేచి వెళ్లినవారు ఉంటే ఏ అంశం దగ్గర వెళ్లారో కూడా రాయండి, తర్వాత ఆ నిర్ణయం వారికి ఆపాదించే పొరపాటు జరగదు. పోయిన వారం పనుల జాబితా పైన ఉంచుకుని, మీటింగ్ మొదట్లోనే చదివించండి. చదవని జాబితాలో పనులు పేరుకుపోతాయి.

మీటింగ్ అయ్యాక మాత్రం ఆలస్యం పనికిరాదు. జర్మన్ మనస్తత్వవేత్త ఎబ్బింగ్‌హాస్ అర్థంలేని అక్షరాల వరుసలను తానే కంఠస్థం చేసి, ఎంత కాలానికి ఎంత మరచిపోతున్నాడో కొలిచి 1885లో ప్రచురించాడు. గంట గడిచేసరికే సగానికి పైగా జారిపోయింది, ఆ తర్వాత జారడం నెమ్మదించింది. మీటింగ్ మాటలకు అర్థం ఉంటుంది కాబట్టి అంత వేగంగా పోవు, కానీ తొలి గంటల్లోనే ఎక్కువ పోతుందన్నది నా అనుభవంలోనూ నిజమే. నోట్స్‌లో ‘రేటు – 2 – కాదు!’ అని గీసుకున్నది ఆ సాయంత్రం చదివితే అర్థమవుతుంది, ఎల్లుండికి గూఢలిపిలా ఉంటుంది. అందుకే నేను మీటింగ్ తర్వాత అరగంట నా క్యాలెండర్‌లో ముందే ఆపి పెట్టుకుంటాను. గంట మీటింగ్‌కు అరగంట చాలు, ఫలితం ఒకటి లేదా రెండు పేజీలు. అదే రోజు, కుదరకపోతే మర్నాడు మధ్యాహ్నం లోపు పంపేయండి.

పంపేటప్పుడు అటాచ్‌మెంట్‌లో దాచకండి. నిర్ణయాలు, పేర్లతో పనులు మెయిల్‌లోనే పైన పెట్టండి, ఫోన్‌లో తెరిచినవాళ్లకు మొదటి తెరలోనే తమ పేరు కనపడాలి. తన పేరు కనపడితే మనిషి చదువుతాడు. మీ ఐదు పేజీలు ఎవరూ చదవకపోవడానికి ఇది కూడా ఒక కారణమే. కింద ఒక వాక్యం చేర్చండి: ‘సవరణలుంటే బుధవారం సాయంత్రం లోపు తెలపండి, ఆ తర్వాత ఇదే తుది ప్రతిగా ఉంచుతాను.’ ‘నేను అలా అనలేదు’ అనదలచినవారికి ఇది సరైన చోటు. అక్కడ అనే అవకాశం ఉంటే అందరి ముందూ అనాల్సిన అవసరం రాదు.

సవరణ వచ్చినప్పుడు రెండు రకాలుగా చూడండి. మీరు తప్పు రాశారని తేలితే వెంటనే దిద్ది, ఏం దిద్దారో అందరికీ చెప్పి పంపండి. కానీ ఒక్కోసారి ‘అప్పుడు ఒప్పుకున్నాం గానీ ఇప్పుడు కుదరదు, ఆ వాక్యం తీసేయండి’ అంటారు. అది సవరణ కాదు, కొత్త నిర్ణయం. ‘తప్పకుండా సర్, వచ్చే మీటింగ్‌లో మొదటి అంశంగా పెడతాను, మారిన నిర్ణయం ఆ మినిట్స్‌లో వస్తుంది’ అని చెప్పండి. తుది ప్రతి అయిపోయిన మినిట్స్‌ను చడీచప్పుడు లేకుండా మార్చడం ఎవరు అడిగినా చేయకండి. ఒక్కసారి అలా మారిందని తెలిస్తే ఆ ఫోల్డర్‌లోని పాత మినిట్స్ అన్నింటి మీదా నమ్మకం పోతుంది. నేను ఈ మాట మీద నిలబడి ఒక పైఅధికారి కోపం భరించాను, అందుకు ఈనాటికీ చింత లేదు.

రికార్డింగ్, ఆటోమేటిక్ మినిట్స్ సంగతి మీరు అడగలేదు గానీ ఎవరో ఒకరు సలహా ఇస్తారు. అందరి అనుమతితో రికార్డ్ చేసుకోవచ్చు. నోట్స్ సరిచూసుకోవడానికి మంచి తోడు. ఏఐ తయారుచేసిన సారాంశాన్ని ముసాయిదాగా తీసుకోవచ్చు కూడా. అయితే తెలుగూ ఇంగ్లీషూ కలిపి మాట్లాడే గదిలో ఆ సాధనాలు పేర్లు, అంకెలు తరచుగా తప్పు వింటాయి. అన్నిటికన్నా ముఖ్యంగా, అవి ‘చూద్దాం’ దగ్గర ఆగి ‘దీన్ని నిర్ణయంగా రాసుకోమంటారా?’ అని అడగవు. నేను ఇన్నేళ్లలో నేర్చుకున్నదేమన్నా ఉంటే ఆ అడగడమే. జీతాలు, క్రమశిక్షణ చర్యలు, ఆరోగ్య విషయాల వంటివి చర్చకు వచ్చే మీటింగ్ అయితే, ఆ రికార్డింగ్ ఎక్కడ దాచబడుతుంది, ఎవరు వినగలరు అన్నది తెలుసుకున్నాకే బటన్ నొక్కండి.

ఇదంతా మామూలు టీమ్ మీటింగ్‌ల గురించే. బోర్డు మీటింగ్‌ల వంటి వాటికి చట్టం, సంస్థ నియమావళి చెప్పిన పద్ధతులు ఉంటాయి. కోరమ్ (ఉండాల్సిన కనీస హాజరు) ఉందా, ఎవరు ప్రతిపాదించారు, ఎవరు బలపరిచారు, ఎవరు సంతకం చేయాలి అన్నవి అక్కడ తప్పనిసరి కావచ్చు. మీ సంస్థకు నాణ్యత నిర్వహణకు ఇచ్చే ఐఎస్ఓ 9001 సర్టిఫికెట్ ఉంటే, మేనేజ్‌మెంట్ రివ్యూ (యాజమాన్యం చేసే సమీక్ష) ఫలితాలకు రాతపూర్వక ఆధారం ఉంచాలి, ఆడిటర్ దాన్ని అడుగుతారు. అలాంటివి ఎప్పుడైనా మీకు అప్పగిస్తే పాత ప్రతులు తీసి చూడండి, అనుభవం ఉన్నవారిని పక్కన పెట్టుకోండి.

చివరగా ఒక చిక్కు. మీరు కూడా టీమ్‌లో ఒకరు, మీకూ చెప్పాల్సినవి ఉంటాయి. రాస్తూ మాట్లాడటం నిజంగా కష్టం. మీ పనికి సంబంధించిన అంశం వచ్చినప్పుడు నోట్‌బుక్ పక్కవారికి ఇచ్చి ‘ఈ పది నిమిషాలు మీరు రాయండి’ అనండి. ఏటా యాభై రెండు వారాలూ ఒక్కరే రాయాలన్న నియమం ఎక్కడా లేదు. నెలకొకరు చొప్పున వంతులు వేయమని మేనేజర్‌ను అడగవచ్చు. చిన్నవాళ్ల మీదకు, ముఖ్యంగా ఆడవాళ్ల మీదకు ఈ పని అలవాటుగా నెట్టేయడం నేను చాలాచోట్ల చూశాను. ఒకసారి వంతు వచ్చి రాసిన మనిషి, ఆ తర్వాత మాట్లాడేటప్పుడు తనంతట తానే ‘ఇది నా పని, 14వ తేదీ లోపు చేస్తాను’ అని స్పష్టంగా చెప్పడం మొదలుపెడతాడు.

వచ్చే మీటింగ్‌కు ఇవన్నీ ఒకేసారి పెట్టుకోకండి. ఒకే పేజీ తీసుకెళ్లండి, ‘మనం’ వినపడిన ప్రతిచోటా పేరు అడగండి, మీటింగ్ ముగిసే ముందు రెండు నిమిషాలు తీసుకుని పనుల జాబితా గట్టిగా చదవండి. ‘నేను అలా అనలేదు’ అన్న ఆ సీనియర్‌కు ముసాయిదా అందరికంటే ముందు పంపి ‘మీ అంశం సరిగ్గా వచ్చిందా చూస్తారా?’ అని అడగండి. ఆయన ఏమన్నారో, ఎక్కడ ఇబ్బంది పడ్డారో మళ్లీ ఇక్కడ రాస్తే, మీ మినిట్స్‌లోంచి పేర్లు తీసేసిన ఒక పేరా పెడితే, కలిసి దిద్దుదాం.